హార్డ్‌టాప్ వేలాడదీసే కిట్లు: వైజాగ్‌లో కొనేవాళ్లు ఒక్కసారి ఆగండి

రాంగ్లర్, జిప్సీ, థార్ లాంటి జీపు తరహా బళ్ల హార్డ్‌టాప్ (విప్పదీసే గట్టి పైకప్పు) విప్పి షెడ్డు కప్పుకి వేలాడదీయడానికని ఆన్‌లైన్‌లో రెడీమేడ్ హాయిస్ట్ కిట్లు, అంటే తాళ్లూ కప్పీలతో పైకెత్తే సామాను, అమ్ముతున్నారు. అందులో వచ్చే స్క్రూలు మన ఇళ్లకి పనికిరావు. ఇప్పటికే వాటితో బిగించేసిన వాళ్లుంటే ముందు టాప్ కిందకి దించండి, మిగతాది తర్వాత చదవొచ్చు.

డబ్బా మీద 60 కిలోలు, 90 కిలోలు అని వేసే అంకె తాడుకీ కప్పీలకీ సంబంధించింది. కప్పులో స్క్రూ ఎంత పట్టు పడుతుందో అది చెప్పదు. ఈ డిజైన్ అమెరికా గ్యారేజీల కోసం పుట్టింది. అక్కడ సీలింగ్ పైన సాధారణంగా 16 అంగుళాలకో చెక్క దూలం ఉంటుంది, లావుపాటి మరల స్క్రూ అందులోకి దిగి కరుచుకుంటుంది. మనకి పైన ఉండేది కాంక్రీట్ స్లాబ్. దానికని అమ్మేవాళ్లు ఓ గుప్పెడు ప్లాస్టిక్ రాల్ ప్లగ్గులు పడేసి చేతులు దులుపుకుంటున్నారు. గోడకి అర బిగించడానికి రాల్ ప్లగ్ చాలు, ఎందుకంటే అక్కడ బరువు స్క్రూకి అడ్డంగా పడుతుంది. సీలింగ్‌లో అదే బరువు స్క్రూని నిలువునా కిందకి లాగుతుంది. పైగా స్లాబ్ కింద 10 మిల్లీమీటర్ల దాకా ప్లాస్టరింగ్ ఉంటుంది. 40 మిల్లీమీటర్ల ప్లగ్గులో అంతమేర గుల్లలో ఉన్నట్టే.

బరువు లెక్క దగ్గర ఇంకా పెద్ద మోసం ఉంది. నాలుగు తలుపుల రాంగ్లర్ హార్డ్‌టాప్ 60 కిలోల పైమాటే. బయట చేయించిన ఫైబర్ టాప్‌లు ఒక్కొక్కటి ఒక్కో బరువు, కాటా వేయించకుండా నమ్మొద్దు. 65 కిలోల టాప్‌ని ఒకే కప్పీ మీదుగా తాడుతో కిందకి లాగితే, టాప్ బరువూ మీరు లాగే బలమూ కలిసి ఆ కప్పీ హుక్కు మీద సుమారు 130 కిలోలు పడతాయి. నాలుగు మూలలా హుక్కులుంటే బరువు నాలుగు భాగాలవుతుందనుకోవడమూ పొరపాటే. గట్టి వస్తువుకి నాలుగు తాళ్లు కడితే ఒకదాని పొడవు కాస్త తేడా వచ్చినా ఎదురెదురు మూలల్లో రెండే మోస్తాయి. వెనక అద్దం వల్ల బరువు అటే ఎక్కువ మొగ్గుతుంది కూడా. కాబట్టి ప్రతి హుక్కూ కనీసం సగం బరువు ఒక్కటే మోయాలి అన్నట్టు లెక్కేసుకోండి. తాళ్లు నేలకి 30 డిగ్రీల కోణంలో పరుచుకుని ఉంటే రెండు తాళ్లలో ఒక్కొక్కదాని మీదా మొత్తం బరువంత లాగుడు పడుతుంది. కోణం 60 డిగ్రీలకి తగ్గకుండా చూసుకోవాలి.

తాడుని పట్టి ఉంచే క్యామ్ లాక్ సంగతి వేరే చెప్పాలి. కిట్ ఫొటోని సైకిల్ వేలాడదీసే లిఫ్ట్ ఫొటో పక్కన పెట్టి చూడండి, చాలాసార్లు తేడా కనిపించదు. సైకిల్ బరువు 15-20 కిలోలే, మన టాప్ 60 పైమాట.

ఇక మన ఉప్పుగాలి. లాసన్స్ బే, పెదవాల్తేరు, బీచ్ రోడ్ వైపు మెరుస్తూ వచ్చిన పల్చటి జింక్ పూత హుక్కులు త్వరగానే తుప్పు పడతాయి. మర లోపల పట్టిన తుప్పు బయటికి కనపడదు. ఎస్ఎస్ 316 (ఓ రకం స్టెయిన్‌లెస్ స్టీల్) దొరికితే అదే, లేదంటే హాట్ డిప్ గాల్వనైజ్డ్, అంటే కరిగిన జింక్‌లో ముంచి మందంగా పూత పట్టించినవి. ఎస్ఎస్ 304 సముద్రం పక్కన మచ్చలు పడుతుంది. ఫిషింగ్ హార్బర్ దగ్గర పడవల సామాను అమ్మే షాపుల్లో డి-షాకిల్ (డి ఆకారపు బిగింపు కొక్కెం), కప్పీ, వైర్ రోప్ (ఇనుప తీగల తాడు) అడగండి. వైర్ రోప్‌కి క్లిప్పులు మూడు వేయాలి, గుర్రపునాడా భాగం కోసిన కొస మీదకి రావాలి. తిరగేసి వేస్తే బరువు మోసే తాడు నలుగుతుంది.

స్లాబ్‌కే బిగించాలంటే ముందు సుత్తితో తట్టి చూడండి. బోలుగా మోగినా, తుప్పు మరకలూ పొడుగాటి పగుళ్లూ కనిపించినా అక్కడ ఏదీ వేలాడదీయొద్దు, లోపల చువ్వలు ఉబ్బి కాంక్రీట్‌ని విడగొడుతున్నాయని అర్థం. స్లాబ్ గట్టిగా ఉంటే ఎం10 (10 మిల్లీమీటర్ల మర ఉన్న) స్టీల్ యాంకర్ ఫాస్టనర్, ప్లాస్టర్ వదిలేసి కాంక్రీట్‌లోనే 60 మిల్లీమీటర్లు దిగాలి. రంధ్రంలో దుమ్ము ఊది తీయకపోతే ఫాస్టనర్ సరిగ్గా విచ్చుకోదు. డ్రిల్ చువ్వకి తగిలితే పక్కకి జరగండి, చువ్వని కోయొద్దు. అపార్ట్‌మెంట్ స్టిల్ట్ పార్కింగ్‌లో బీములు అందరివీ, అసోసియేషన్‌ని అడక్కుండా డ్రిల్ పెట్టొద్దు.

మా ఓటు మాత్రం స్లాబ్‌కి బిగించడానికి కాదు. గోడ నుంచి గోడకి 75 మిల్లీమీటర్ల స్టీల్ చానెల్ రెండు ఆనించి, వాటికి వేలాడదీయండి. బరువు గోడ మీద కూర్చుంటుంది, స్క్రూ ఊడొస్తుందన్న భయం ఉండదు. ఎంత దూరానికి ఏ సైజు అనేది గాజువాక ఆటోనగర్ ఫ్యాబ్రికేటర్‌కి కొలతలిచ్చి అడగండి.

రేకుల షెడ్డులో పర్లిన్‌కి (రేకుల కింద ఉండే అడ్డ కమ్మీకి) కట్టాలన్న ఆలోచన మానుకోండి. పర్లిన్లు రేకునీ గాలినీ తట్టుకోవడానికి వేసినవి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊళ్లో రేకుల్ని ఏం చేసిందో అందరూ చూశారు. అక్కడ నాలుగు కాళ్ల సొంత ఫ్రేమ్ చేయించాలి, లేదా చక్రాల స్టాండ్ మీద నేల మీదే పెట్టుకోవాలి.

ఎత్తు కూడా కొలుచుకోండి. టాప్ తీసినా రాంగ్లర్ రోల్ బార్ (బోల్తా పడితే కాపాడే ఇనుప చట్రం) అలాగే ఉంటుంది, బండి ఎత్తు పెద్దగా తగ్గదు. బండి ఎత్తు, టాప్ లోతు, కప్పీలకి ఓ 30 సెంటీమీటర్లు కలిపి చూస్తే చాలా స్టిల్టుల్లో చోటే చాలదు.

ఎత్తేముందు వెనక వైపర్ వాషర్ గొట్టం, అద్దం మీద ఆవిరి తీసే డీఫాగర్ వైరు విప్పారా లేదా చూడండి, లాగుడికి తెగిపోయేవి ఇవే. వెనక అద్దం తలుపు గొళ్లెం కింది డోర్‌కే పడుతుంది, టాప్ పైకి లేచాక అది ఊగుతుంది, బెల్టుతో కట్టేయండి. 50 మిల్లీమీటర్ల వెడల్పు బెల్టులు వాడండి, సన్న తాడు ఫైబర్ అంచుని కోస్తుంది. బరువు రబ్బరు సీళ్ల మీద ఆననీయొద్దు. ప్లాస్టిక్ కవర్ చుట్టొద్దు, మన తేమకి లోపల బూజు పడుతుంది, నూలు దుప్పటి కప్పితే చాలు.

టాప్ కట్టకముందు పరీక్ష తప్పనిసరి: నిండు 20 లీటర్ల వాటర్ టిన్నులు ఏడు, అంటే సుమారు 145 కిలోలు, నేలకి జానెడు ఎత్తులో ఒక రాత్రి వేలాడదీయండి. ఫాస్టనర్ పక్కన పెన్సిల్ గీత పెట్టి, పొద్దున్న జరిగిందేమో చూడండి. కొన్న ఎలక్ట్రిక్ హాయిస్ట్ అయినా సరే, ఎత్తాక బరువు దాని బ్రేకు మీద వదలొద్దు, విడిగా గొలుసు వేయండి.

కిట్ కొనేసిన వాళ్లు సీల్ తీసేటప్పుడు వీడియో తీసుకోండి. అమ్మేవాడి పేరు, చిరునామా, సరుకు ఏ దేశానిదో పేజీలో ఉండాలని 2020 ఈ-కామర్స్ వినియోగదారుల నియమాలు చెబుతున్నాయి. అవి లేకపోతే స్క్రీన్‌షాట్ పెట్టుకోండి. "కాంక్రీట్ సీలింగ్‌కి సరిపోతుందా, ఒక్కో హుక్కు ఎంత మోస్తుంది?" అని రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోయినా, రిటర్న్ తీసుకోకపోయినా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.