ఉపగ్రహాలను అందుకోవడానికి చేతి యాంటెన్నాలు: ఏరో, ఎల్క్ సమీక్ష

నెల్లూరులో డాబా మీద నిలబడి, అయిదు వాట్ల హ్యాండీతో (చేతిలో పట్టుకునే రేడియో సెట్టుతో) అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని రిపీటరును (విన్న మాటను మళ్లీ ప్రసారం చేసే సెట్టును) పలకరించాలనుకునే హ్యామ్‌కు, అంటే అభిరుచి కొద్దీ రేడియో నడిపేవారికి, సెట్టుతో పాటు వచ్చే రబ్బరు యాంటెన్నా దాదాపు పనికిరాదు. ఆ రిపీటరుకు 145.990 మెగాహెర్ట్జ్ మీద 67 హెర్ట్జ్ టోనుతో (రిపీటరును తెరిచే మంద్ర ధ్వనితో) పంపి, 437.800 మీద వినాలి. పంపడం అంత కష్టం కాదు, వినడమే కష్టం. శ్రీహరికోట నుంచి 2005లో పైకెళ్లిన మన హ్యామ్ ఉపగ్రహం హామ్‌శాట్ 145 మెగాహెర్ట్జ్‌లోనే వినిపించేది కాబట్టి ఆ రోజుల్లో ఈ బాధ కొంత తక్కువ. ఇప్పుడు మాత్రం 70 సెంటీమీటర్ల బ్యాండులో (437 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల) ఏది బాగా వినిపిస్తుందో చూసుకునే కొనాలి.

ఏరో చేతి యాగీలో (ఒకే దిక్కుకు గురిపెట్టే యాంటెన్నాలో) రెండు మీటర్ల బ్యాండుకు (145 మెగాహెర్ట్జ్) మూడు, 70 సెంటీమీటర్లకు ఏడు ఎలిమెంట్లు (కడ్డీలు) ఒకే బూమ్ (నడిమి కాడ) మీద, ఒకదానికొకటి అడ్డంగా అమరి ఉంటాయి. అల్యూమినియం బాణపు కాడలతో చేసిన ఆ ఎలిమెంట్లను మర తిప్పి విడదీసి సంచిలో పెట్టుకోవచ్చు. ఉపగ్రహం కదులుతున్న కొద్దీ దాని సిగ్నల్ పోలరైజేషన్ (తరంగం ఊగే తలం) మారిపోతుంటుంది. మాట హోరులో మునిగిపోతున్నప్పుడు మణికట్టును కాస్త తిప్పితే చాలు, మళ్లీ తేటగా వినిపిస్తుంది. మేడ మీద కదలకుండా బిగించే టర్న్‌స్టైల్ యాంటెన్నాకు ఈ వీలు లేదు. పైగా దాని నుంచి కిందికి పది మీటర్ల ఆర్‌జీ-58 కేబుల్ లాగితే, వచ్చిన కొద్దిపాటి సిగ్నల్‌లో సగానికి పైగా దారిలోనే పోతుంది.

ఎల్క్ లాగ్ పీరియాడిక్‌లో (రెండు బ్యాండులకూ అవే కడ్డీలు పనిచేసే యాంటెన్నాలో) అయిదే ఎలిమెంట్లు, ఒకటే కనెక్టరు, రెండు బ్యాండులకూ ఒకే తలం. ఒక్క హ్యాండీతో పని కానిచ్చేవారికి రెండు బ్యాండుల కేబుళ్లను ఒకే సెట్టుకు కలిపే డ్యూప్లెక్సర్ ఖర్చు తప్పుతుంది కనుక నేను దీన్నే సూచిస్తాను.

ఒక సెట్టుతో పంపుతూ, మరొకదానితో తన గొంతు తానే వినాలనుకునేవారికి ఏరో మేలు. అయితే పంపే సెట్టు తన ఫ్రీక్వెన్సీకి మూడు రెట్ల దగ్గర కూడా కొంత సిగ్నల్ వదులుతుంది; 145.990కి మూడు రెట్లు 437.970. అది వినాల్సిన ఫ్రీక్వెన్సీకి పక్కనే పడుతుంది కాబట్టి, పీటీటీ (పంపే బటన్) నొక్కగానే రిసీవరు మొద్దుబారే ప్రమాదం ఉంది. ఎలిమెంట్లు అడ్డంగా ఉండడం వల్ల కొంత రక్షణ దొరికినా అది చాలదు. వినే సెట్టు ముందు మంచి ఫిల్టరు పెట్టుకోవాలి.

దిగుమతి ఖర్చు భరించలేనివారు చెక్క బద్దె మీద అల్యూమినియం కడ్డీలు బిగించి యాగీ చేసుకోవచ్చు. 70 సెంటీమీటర్ల బ్యాండులో అర్ధ తరంగం 34 సెంటీమీటర్లే కాబట్టి కొలత మిల్లీమీటర్లలో తప్పినా తేడా తెలుస్తుంది. మైపాడు, కొత్తపట్నం వంటి తీరాల ఉప్పుగాలిలో వాడితే, ఏ యాంటెన్నా అయినా మరలను తుడిచి కాస్త గ్రీజు రాయాలి.

చేతులు నొప్పి పుట్టకుండా వినాలనుకునేవారికి క్యూఓ-100 అనే హ్యామ్ ఉపగ్రహం ఉంది. భూస్థిర కక్ష్యలో కదలకుండా ఉండే ఆ ఉపగ్రహం నెల్లూరు నుంచి చూస్తే పడమరకు కొంచెం దక్షిణంగా, సుమారు 27 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అటువైపు కొబ్బరిచెట్లు గానీ పక్కింటి మేడ గానీ అడ్డు రాకపోతే మామూలు టీవీ డిష్, ఎల్‌ఎన్‌బీ (డిష్ ముందు బిగించే రిసీవరు), ఒక చవక ఎస్‌డీఆర్ (కంప్యూటరుకు తగిలించే రేడియో) సరిపోతాయి.