పాత మట్టికట్ట: బాగు చేయించాలా, తీసేయాలా?

పడవలకీ చేపలకీ ఉంచుకున్న చిన్న చెరువే కదా అని కట్ట వైపు ఎవరూ చూడరు. 1977లో అమెరికాలోని జార్జియాలో తెగి 39 మందిని పొట్టన పెట్టుకున్న కెల్లీ బార్న్స్ కట్ట కూడా అప్పటికి విహారపు చెరువుదే.

ఖర్చు: బాగు చేయిస్తే ఇప్పుడు కొంత, ఆ తర్వాత ఏటేటా కొంత. తీసేస్తే ఒకేసారి పెద్ద మొత్తం. పూడిక ఎక్కువుంటే దాన్ని తరలించడానికే తడిసి మోపెడవుతుంది.

శ్రమ: ఉంచుకుంటే కట్ట మీద చెట్లు ఎదగనివ్వకూడదు, ఎలుకల బొరియలు పూడ్చాలి, అలుగుకు అడ్డం పడ్డ కొమ్మలు తీస్తుండాలి. తీసేస్తే ఈ పనులుండవు, కానీ ముందు అనుమతుల కోసం తిరగాలి.

ప్రమాదం: అసలు సంగతి ఇదే. దిగువ వాలు అడుగున ఊట తేటగా, ఎప్పుడూ ఒకే తీరుగా ఉంటే కనిపెట్టుకుని ఉండొచ్చు. ఆ నీళ్లలో మట్టి కనిపించిందంటే లోపల బుంగ పడుతున్నట్టే. ఇంజనీరుని పిలవడానికి రేపటిదాకా ఆగొద్దు. తూము గొట్టం బయటికొచ్చే చోట ముందు చూడండి, గొట్టం పక్కనే నీళ్లు దారి చేసుకోవడం మామూలు. తీసేసేటప్పుడూ టెన్షన్ తప్పదు: నీళ్లు గబగబా దించితే నానిన లోపలి వాలు జారిపోవచ్చు.

ఏది ఎప్పుడు: అలుగు పెద్ద వరదను మోయగలిగి, చూసుకునే మనిషి ఉంటే బాగు చేయించండి. దిగువన ఇళ్లు వెలిసి, అలుగు పెంచే చోటు లేకపోతే తీసేయడమే నయం. ఏదో ఒకటి తేలేదాకా నీటిమట్టం కొంచెం దించి ఉంచండి, అదీ నెమ్మదిగా.