సొట్టకు వేడినీళ్లా, రబ్బరు కప్పా?

అనంతపురం పాతూరు సందుల్లో తిరిగిన ఫలితంగా మా కారుకు రెండు సొట్టలు: ఒకటి ప్లాస్టిక్ బంపర్‌కు, ఇంకొకటి రేకు తలుపుకు. బంపర్‌పై మరిగిన నీళ్లు పోసి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని లోపలి నుంచి నెట్టాను. టప్పున పైకి వచ్చింది. వెంటనే చన్నీళ్లు పోస్తే అలాగే బిగుసుకుంది. ఖర్చు కాస్త గ్యాసు.

తలుపుకు ఆ వైద్యం దండగ. ఇనుప రేకు వేడినీళ్లకు మెత్తబడదు. దుమ్ము శుభ్రంగా తుడిచి, నొక్కితే గాలి పట్టుతో అంటుకునే రబ్బరు కప్పు అతికించి లాగాలి. వెడల్పుగా, లోతు తక్కువగా ఉన్న సొట్టే దానికి లొంగుతుంది. మడత పడిన చోట కప్పు ఊడి, నేను వెనక్కి పడ్డాను. (మా ఆవిడ ఇంకా నవ్వుతోంది.)

బంపర్‌కైతే నా ఓటు వేడినీళ్లకే. మడత పడ్డ రేకు మాత్రం టింకరింగ్ షెడ్డుకే; లప్పం (ఎగుడుదిగుడులు పూడ్చే ముద్ద) పూసే ముందు సుత్తిపని ఎంత జరిగిందో వేలితో తడిమి చూస్తాను.