బెంగళూరు స్టీలు బస్ షెల్టర్లు: నీడ సరే, వాన సంగతేంటి?

మనవాళ్లు ఎక్కువగా బస్సెక్కే మారతహళ్లి వైపు స్టీలు షెల్టర్లకు 5కి 3 స్టార్లు. చిల్లుల బెంచీ బాగుంది, నీళ్లు నిలవవు, వాన వెలిశాక ఓసారి తుడిస్తే చాలు. కప్పే పొట్టి. ముందుకు నాలుగడుగులైనా రాకపోతే జల్లు మోకాళ్లకు కొడుతుంది.

అసలు తప్పు ప్రకటన బోర్డుది. రోడ్డుకేసి నిలబడితే బస్సు కుడివైపు నుంచి వస్తుంది. సరిగ్గా అక్కడే బోర్డు బిగిస్తే నంబరు కనపడక జనమంతా రోడ్డు మీదికొచ్చి నిలబడతారు. అద్దె వచ్చేది బోర్డుకే కదా మరి! దాన్ని వెనకవైపుకు మార్చి, ఆ పక్క ఖాళీగా వదలాలి.

స్టీలు తుప్పు పట్టదనుకోకండి. వెల్డింగ్ అతుకుల దగ్గర నల్లమచ్చ తీయకపోతే అక్కడే మొదలవుతుంది. అరుగు అరడుగు ఎత్తుండాలి. తారు మీద తారు వేసేకొద్దీ ఆ ఎత్తు తగ్గి నీళ్లు లోపలికొస్తాయి.