ఫాలోవర్లు పెరిగారు, పలికేవాళ్లు ఏరీ?: ఇన్‌స్టాగ్రామ్ ఇన్‌సైట్స్ కొన్నేళ్లు వాడాక

ప్రొఫెషనల్ అకౌంట్‌కి ఎలా మారాలి, ఇన్‌సైట్స్ (మన పోస్టులు ఎంతమందికి చేరాయో అంకెల్లో చూపించే పేజీ) ఎక్కడుంటాయి లాంటివి ఇక్కడ రాయను. అవి అందరికీ తెలిసినవే. ఆ పేజీలో ఉండే ఒకే ఒక అంకె గురించి రాస్తాను: షేర్ల లెక్క, అంటే మనం పెట్టిన పోస్టును ఎన్నిసార్లు ఇంకొకరికి పంపారు అన్నది. దాని మీద నాకున్న ఇష్టం కాస్త అతిగానే కనిపిస్తుంది, ముందే చెప్పేస్తున్నా. పాత పుస్తకాలకు మళ్లీ కుట్టు వేయడం, ఊడిపోయిన అట్టలు బాగుచేయడం మీద ఒక చిన్న పేజీ నడుపుతున్నాను. నాకు ఉద్యోగం వేరే ఉంది, ఇది సాయంత్రాలు చేసుకునే పని.

పేజీ పెట్టిన చాలాకాలానికి ఒక రీల్ ఎక్కడికో వెళ్లిపోయింది. అందులో మాటల్లేవు. పాత పుస్తకం వెన్ను మీద ఎండి గట్టిపడిన జిగురుకు తడి బంక పట్టించి, అది నానాక పలుచని పుల్లతో గీకుతుంటే పొరలు పొరలుగా ఊడి వస్తుంది. అంతే. ఆ గీకుడు చప్పుడు జనానికి తెగ నచ్చేసింది. ఫాలోవర్లు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగారు. తెలిసినవాళ్లంతా ఫోన్ చేసి అభినందించారు. ఆ వెంటనే, తెగిన కుట్టును మధ్యలోంచి ఎలా అందుకోవాలో చూపిస్తూ ఒక వీడియో పెడితే, పేజీ చిన్నగా ఉన్న రోజుల్లో వచ్చినన్ని కామెంట్లు కూడా రాలేదు. తర్వాతిదీ అంతే. వచ్చినవాళ్లు పుస్తకాల కోసం రాలేదు, చప్పుడు కోసం వచ్చారు. ఇంకో గీకుడు వీడియో పెడితే మళ్లీ ఊగిపోయేవాళ్లేమో, కానీ రోజూ గీకడానికి అన్ని పాత పుస్తకాలు నా దగ్గర లేవు.

దీనికి యాప్‌ని తిట్టి లాభం లేదు. ఎవరు ఆగి చూస్తారో, ఎవరు దాటేస్తారో అంచనా వేసుకుని పోస్టును ముందుకు తోసే పద్ధతి అది. చూసినవాళ్లు వరసగా దాటేస్తుంటే దాన్ని ఇంకొకరికి చూపించడానికి కారణమేముంది? 2014 డిసెంబరులో ఇన్‌స్టాగ్రామ్ నకిలీ ఖాతాలను ఏరిపారేసినప్పుడు దాని సొంత అకౌంట్‌కే కోటీ 80 లక్షలకు పైగా ఫాలోవర్లు తగ్గిపోయారు. నా దగ్గరికి వచ్చినవాళ్లు నకిలీలు కాదు, నిజమైన మనుషులే. నా వరకు తేడా మాత్రం పెద్దగా కనిపించలేదు.

అసలు చెప్పాలనుకున్నది తర్వాత జరిగిన సంగతి. కుట్టు మీద పెట్టిన ఆ వీడియో కిందే ఒకరు అడిగారు: "మీరు చూపించినట్టే చేశానండీ. కుట్టు బాగానే వచ్చింది. కానీ తెల్లారేసరికి అట్ట పడవలా పైకి లేచింది. ఎందుకంటారు?" మెసేజ్‌లో ఒక ఫొటో కూడా పంపారు. పైనా కిందా అంచులు లేచి, పుస్తకం మూతపడకుండా నోరు తెరుచుకుని ఉంది. నేను ఆఫీసులో ఉన్నాను, చూసుకోలేదు. సాయంత్రం తెరిచేసరికి అక్కడ పెద్ద చర్చే నడిచింది. మొదటి నుంచీ పేజీలో ఉంటూ నాతో తరచూ వాదించే ఒకాయన అడిగారు: "బయట బట్ట మాత్రమే అంటించారా, లోపల కాగితం కూడా వేశారా?" వేశానని జవాబు. ఇంకొకరు వచ్చి, "అయితే అట్టలో పీచు ఏ దిక్కుకు ఉందో చూడండి. రెండు వైపులా మెల్లగా వంచండి. ఏ మడత తేలిగ్గా పడితే ఆ గీత వెంటే పీచు ఉన్నట్టు" అన్నారు. కాసేపటికి మళ్లీ జవాబు: పీచు వెన్నుకు అడ్డంగా ఉందట.

ఇది బైండింగ్ నేర్చుకునే ప్రతివాళ్లకీ ఎప్పుడో ఒకప్పుడు తగిలే దెబ్బే. తడి తగిలినప్పుడు కాగితం పీచు వెంట పెద్దగా సాగదు, పీచుకు అడ్డంగా బాగా ఉబ్బుతుంది. ఆరేటప్పుడు అటువైపే ముడుచుకుంటూ అట్టను లాగేస్తుంది. అందుకే అట్టయినా కాగితమైనా పీచు వెన్నుకు సమాంతరంగా ఉండేలా కోసుకోవాలి. మూడో ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు. బంక మరీ నీళ్లగా కలిపి ఉంటారు, పైన బరువు పెట్టి ఉండరు అని గట్టిగా పట్టుబట్టారు. అందులోనూ సగం నిజముంది. బరువు నిజంగానే చాల్లేదని తర్వాత తేలింది. వారం తిరక్కుండా అడిగినవారు కొత్త అట్ట కోసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి ఫొటో పంపించారు. కొత్తది చదునుగా ఉంది.

ఆ చర్చలో ఉన్నది నలుగురైదుగురు. వాళ్ల ప్రశ్నలనే వరసగా పెట్టుకుని, పీచు దిశ మీద ఒక వీడియో చేశాను. దానికి లైకులు మామూలే. షేర్లు మాత్రం అంతకుముందు ఎప్పుడూ చూడనన్ని. "మా కాలేజీ లైబ్రరీలో బైండింగ్ చేసే ఆయనకు పంపాను" అని ఒకరు, "అక్కకు పంపాను, ఆవిడ కూడా ఇదే పని నేర్చుకుంటోంది" అని ఇంకొకరు రాశారు. అలా వచ్చినవాళ్లు మొదటిరోజు నుంచే ప్రశ్నలు అడిగారు. గీకుడు రీల్‌తో వచ్చిన జనంలో ఇలా అడిగినవాళ్లు నాకు గుర్తున్నంతలో లేరు. ఇన్‌స్టాగ్రామ్ అధిపతి ఆడమ్ మొస్సేరి 2025 జనవరిలో, ర్యాంకింగ్‌లో, అంటే ఏ పోస్టును ముందు చూపించాలో యాప్ తేల్చుకునేటప్పుడు, ముఖ్యమైనవి చూసే సమయం, లైకులు, సెండ్స్ (పోస్టును ఇంకొకరికి పంపడం) అని చెప్పారు. మనల్ని ఫాలో కానివాళ్ల దాకా చేరాలంటే సెండ్స్‌కే బరువు ఎక్కువట. అది విన్నప్పుడు నాకు పెద్ద ఆశ్చర్యం వేయలేదు.

ఇంతా పొగిడాక ఇంకో ముక్క కూడా చెప్పాలి. నా పేజీలో ఇప్పటికీ అత్యధిక షేర్లు ఉన్నది ఆ పీచు వీడియోకి కాదు. ఒకసారి నా దగ్గరికి, పుటలన్నీ తలకిందులుగా అట్టకు అంటించేసిన పుస్తకం ఒకటి వచ్చింది. సరదాగా ఫొటో తీసి పెట్టాను. జనం నవ్వుకుని స్నేహితులకు పంపుకున్నారు, అంతటితో అయిపోయింది. అంటే షేర్ అంకె ఒక్కటే చూస్తే అది కూడా మోసం చేస్తుంది. ఎంతమంది పంపారన్నది కనిపిస్తుంది గానీ ఎందుకు పంపారన్నది కామెంట్లలోనే వెతుక్కోవాలి. సేవ్‌ల సంగతి ఇంకా అన్యాయం. తర్వాత చూద్దామని దాచుకోవడం నాకూ అలవాటే. దాచుకున్నవాటిలో తిరిగి తెరిచేవి ఎన్నో నాకు బాగా తెలుసు.

అలాగని పలకనివాళ్లు దండగ అనలేను. ఆన్‌లైన్ బృందాల్లో 90 శాతం మంది ఊరికే చూస్తారు, 9 శాతం అప్పుడప్పుడు మాట్లాడతారు, ఎక్కువ భాగం రాసేది మిగిలిన 1 శాతమే అని వెబ్‌సైట్ల వాడకం మీద పరిశోధన చేసే జాకబ్ నీల్సన్ 2006లో రాశారు. నా పేజీ లెక్క కచ్చితంగా అలాగే ఉంటుందని కాదు. కానీ ఏళ్ల తరబడి ఒక్క లైక్ కూడా కొట్టని ఒకరు ఒకరోజు హఠాత్తుగా, తాము కుట్టిన అరడజను పుస్తకాల ఫొటో పంపించారు. వాళ్లని ఏ ఇన్‌సైట్స్‌లో చూడాలి?

కాబట్టి నా అభిప్రాయం నా పరిస్థితికే సరిపోతుంది. నేను ప్రకటనలు తీసుకోను, పేజీ మీద ఇల్లు గడవాల్సిన అవసరం లేదు. ప్రమోషన్ల మీద బతికేవాళ్లను అవతలి కంపెనీలు ముందు అడిగేది ఫాలోవర్లు ఎంతమంది అనే. వాళ్లకు గీకుడు రీల్ తెచ్చిన జనమే పనికొస్తారు, అందులో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. ఇంకో చిక్కు ఏమిటంటే, పలికే ఫాలోవర్లు ఉంటే మనమూ పలకాలి. వారానికి రెండు మూడు సాయంత్రాలు కుట్టు పని పక్కన పెట్టి జవాబులకే కూర్చుంటున్నాను. బంక మీద మొదలైన గొడవ ఒకటి మూడు రోజులు సాగింది, ఇద్దరికీ నేనే సర్దిచెప్పాల్సి వచ్చింది. పేజీ ఇంకా పెద్దదైతే ఇలా కుదరదు. ప్రస్తుతానికి గీకుడు వీడియోలు ఆపేశాను, ఫాలోవర్ల సంఖ్య నెలనెలా కొంచెం తగ్గుతోంది. ఇలాగే ఇంకో ఏడాది చూస్తాను.