నాలుగేళ్లు గూస్‌నెక్ లాగాక: బాల్ బిగించడం రెండు నిమిషాలే, అసలు పని వేరే ఉంది

టెక్సాస్‌లో మాకున్న కొద్దిపాటి స్థలంలో మేకలు పెంచుతాం. వాటిని సంతకు తీసుకెళ్లడానికి, గడ్డి తెచ్చుకోవడానికి పాత గూస్‌నెక్ ట్రెయిలర్ ఒకటి కొన్నాం. బాతు మెడలా వంగిన దీని ముందుభాగం ట్రక్కు బెడ్‌లో, అంటే వెనక సామాను వేసే తొట్టిలో, బిగించిన ఇనుప బాల్ మీద కూర్చుంటుంది. నా ‘ముప్పావు టన్ను’ (ఇది తరగతి పేరే, మోసే బరువు కాదు) పికప్ ట్రక్కుకి బెడ్ పొట్టిది, ఆరున్నర అడుగులు. బెడ్ కింద అడ్డబీమూ, పైన ఐదు గుంటలూ ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. మధ్య గుంట గూస్‌నెక్ బాల్‌కి, మూలల్లోని నాలుగూ ఫిఫ్త్‌వీల్ హిచ్ అనే మరో రకం బిగింపుకి. 2 5/16 అంగుళాల బాల్, గొలుసులు తగిలించే కొక్కేలు మాత్రం విడిగా కొన్నాను. ఫోర్డ్, రామ్, షెవీ మూడింటికీ ఇలాంటి ఏర్పాటు ఉంది కానీ ఒకదాని బాల్ ఇంకోదానికి పడుతుందని నమ్మి కొనకండి.

గుంటలోకి దించి పిడి తిప్పితే బాల్ లాక్ అవుతుంది. నేనైతే ఇప్పటికీ ఒకసారి పైకి లాగి చూసుకుంటాను. అక్కర్లేనప్పుడు తీసేస్తే బెడ్ మళ్లీ చదును. ఈ సుఖానికే పూర్తి మార్కులు.

టెన్షన్ అంతా బరువు దగ్గర. బంపర్‌కి తగిలించే ట్రెయిలరైతే మొత్తం బరువులో 10-15 శాతమే ట్రక్కు మీద పడుతుంది, గూస్‌నెక్‌కి 20-25 శాతం దాకా పడుతుంది. ఎడ్లబండిలో ముందుకి ఎక్కువ సర్దితే కాడి మెడలు నొక్కేసినట్టే. ట్రక్‌స్టాప్‌లోని క్యాట్ స్కేల్ మీద తూయించాను. నిండు ట్రెయిలర్ 9,000 పౌండ్లుంటే బెడ్ మీద పడింది 1,900. డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ ప్రకారం నా ట్రక్కు మోయగలిగేది 2,480. మేమిద్దరం ఎక్కి, నాలుగు దాణా బస్తాలు వేసుకుంటే ఇక మిగిలేది దాదాపు సున్నా. ‘20,000 పౌండ్లు లాగుతుంది’ అన్న ప్రకటన చూసి మురిసిపోయేవాళ్లు ముందు ఆ స్టిక్కర్ చదవాలి.

రెండోది పొట్టి బెడ్ బాధ. మలుపు మరీ బిగిస్తే ట్రెయిలర్ మూతి క్యాబ్ అద్దం మీదికి వచ్చేస్తుంది. మొదటి నెలలో రెండంగుళాల్లో తప్పింది. ఆ తర్వాత వెనక్కి జరిగి ఉండే ఆఫ్‌సెట్ బాల్ వేశాను, ఇప్పుడు నిశ్చింత. పొడుగు బెడ్ ఉంటే ఆ ఖర్చు దండగ.

ట్రెయిలర్ లైట్లకి, బ్రేకులకి కరెంటిచ్చే ఏడు పిన్నుల సాకెట్ బెడ్ లోపల కూడా ఉండేలా చూసుకోండి. నాకు మొదట్లో లేదు. బంపర్ సాకెట్ దాకా లాగిన వైరు టెయిల్‌గేట్ సందులో నలిగి, ఒక రాత్రి ట్రెయిలర్ లైట్లు ఆరిపోయాయి. వెంటనే బెడ్‌లో పెట్టించాను.

చిన్న చికాకులూ ఉన్నాయి. గుంటల్లో గడ్డిపరకలు, వాననీళ్లు చేరతాయి. మూతలు పెట్టినా ఆగవు. బ్రేకు వేసినప్పుడల్లా బాల్ దగ్గర ‘టక్’మంటుంది, గ్రీజు రాస్తే తగ్గింది కానీ పోలేదు. టెయిల్‌గేట్‌కి ఉన్న సొట్ట మాత్రం నా ఘనకార్యమే. ట్రెయిలర్ విప్పి, గేటు దించకుండానే ట్రక్కు ముందుకి పోనిచ్చాను. మా ఆవిడ దాన్ని ఇంకా బాగు చేయించనివ్వలేదు, గుర్తుండాలట.