బావి ఎండింది గని వల్లేనా? లెక్క తేల్చడానికి ఏ పద్ధతి మేలు?

గోదావరి లోయ బొగ్గు ప్రాంతం నుంచి నాకు పదే పదే వచ్చే ప్రశ్న ఇది: "మా బావిలో నీళ్లు దిగిపోయాయి. కింద గని నడుస్తోంది. దాని వల్లేనని ఎలా తేల్చాలి?" అక్కడి వాళ్ల మాటలో గనీ బాయే, పొలంలోదీ బాయే. ఈ రెండు బాయిల మధ్య లెక్కకు ముఖ్యంగా మూడు దారులున్నాయి: గని పంపుల లెక్క, బావుల్లో నీటిమట్టం కొలత, కంప్యూటర్ మోడల్.

పంపుల లెక్క సులువు. ఏ పంపు ఎన్ని గంటలు నడిచిందో చూస్తే ఎంత నీరు బయటికొచ్చిందో తెలుస్తుంది. ఆ అంకెనే ఊరు పోగొట్టుకున్న నీరుగా చెప్పేవాళ్లున్నారు. అది పొరపాటు. బొగ్గు తీసిన ఖాళీల్లో ఇసుక నింపే గనుల్లో ఆ ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో దించుతారు. ఇసుక అక్కడే ఆగుతుంది, నీరు సంపులో చేరి మళ్లీ పైకొస్తుంది. వాగులోకి వదిలిన నీటిలో కొంత ఇంకి తిరిగి గనిలోకే దిగొచ్చు. పక్కన పాత గనుల్లో నిలిచిన నీరు కూడా ఊరుతుంది. ఇవన్నీ తీసేయకుండా ఆ అంకెతో ఏ రైతు నష్టమూ తేలదు.

నా మొగ్గు బావుల కొలతకే. కాకపోతే బావి ఎంత లోతుది, దాన్ని దేనితో పోల్చాం అన్నవే అసలు సంగతులు.

పొలం బావికి నీరు పైపొర నుంచి వస్తుంది. గనిలోకి ఊరేది ఎక్కువగా బొగ్గు సీముల, అంటే బొగ్గు పొరల, మధ్య ఉన్న ఇసుకరాతి పొరల నీరు. మధ్యలో నీటిని ఆపే పొర గట్టిగా ఉంటే కింద ఏళ్ల తరబడి తోడినా పై బావికి తెలియకపోవచ్చు. గని కప్పును మోసే బొగ్గు పిల్లర్లు తీసి రూఫ్ కూలనిచ్చినప్పుడు, లాంగ్‌వాల్‌తో, అంటే పొడవాటి బొగ్గు గోడను యంత్రంతో వరసగా కోస్తూ, పెద్ద మేర తీసినప్పుడు పగుళ్లు పైకి పాకుతాయి. అవి పైపొరను అందుకుంటే బావి ఒక్కసారిగా దిగుతుంది. అందుకే ఒకే చోట వేర్వేరు లోతులకు పీజోమీటర్లు, అంటే ఆయా పొరల్లో నీటిమట్టం కొలిచే సన్నని గొట్టాలు, దించాలి. చదరపు కిలోమీటరు మేర పైపొరలో మట్టం 1 మీటరు పడితే, రాతి నుంచి వదిలే నీరు 3 శాతం అనుకున్నా 30,000 ఘనమీటర్లు పోయినట్టు. లోతు పొరలో నీరు ఒత్తిడి మీద ఉంటుంది కాబట్టి అదే 1 మీటరుకు వందల ఘనమీటర్లే కావొచ్చు. లోతు బోరులో పెద్ద పతనం చూసి హడలిపోవద్దు, పైబావిలో చిన్న పతనాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక పోలిక బావి. అదే రాయి, అదే వాన, దాదాపు అన్నే వ్యవసాయ బోర్లు ఉండి, గని ప్రభావం అందని చోట అది ఉండాలి. మీ బావి 3 మీటర్లు, పోలిక బావి 2 మీటర్లు దిగితే, గనిని అడగాల్సింది ఆ మిగిలిన 1 మీటరు గురించే. పోలిక బావి లేకుంటే కరువు ఏడాది నేరం గని మీద పడుతుంది, లేదంటే గని చేసిన నష్టం వాన ఖాతాలోకి పోతుంది. రెండోది జరిగితే రైతు చేతిలో ఆధారమే ఉండదు. నన్ను ఎక్కువ బాధించేది అదే.

మోడల్‌ను తక్కువ చేయను. అమెరికా భూగర్భ సర్వే సంస్థ 1980లలో తెచ్చిన మోడ్‌ఫ్లో అనే భూగర్భజల ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. తవ్వకం మొదలవక ముందే, రాబోయే సీము తీస్తే ఏమవుతుందో అంచనా వేయగలిగేది మోడలే. కానీ రాతి గుండా నీరు ఎంత వేగంగా పారుతుందన్న విలువలు మార్చి, ఒకే బావి కొలతకు సరిపోయే మోడళ్లు అనేకం కట్టొచ్చు. రూఫ్ కూలాక ఆ విలువలే మారిపోతాయి. బావుల రికార్డు లేని మోడల్ చూపిస్తే నేను నమ్మను.

నీటి రసాయన, ఐసోటోప్ పరీక్షలు గనిలో ఊరిన నీరు పాతదా, కొత్త వాననీరా చెబుతాయి. తోడుగా పనికొస్తాయి. ఉపగ్రహ కొలతలు ఒక ఊరికి మరీ ముతక.

గని ఇప్పటికే పాతబడి, ముందటి రికార్డు లేకపోతే? ఈ మే నెల నుంచే మొదలుపెట్టండి. వానకు ముందు ఒకసారి, నవంబరులో ఒకసారి, పోలిక బావితో సహా కొలిచి తేదీతో రాసుకోండి. గని మూసి పంపులు ఆపిన రోజు వస్తే, అప్పుడు మీ బావి పోలిక బావి కంటే ఎంత ఎక్కువ పైకొచ్చిందో ఆ నోట్‌బుక్కులోనే కనిపిస్తుంది.